పాఠం 9: శ్వాస పరికరాల శుభ్రత, నిల్వ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తడి పరికరం రోగికి ఎందుకు ప్రమాదమో చెప్పగలుగుతారు.
• మాస్కు, నెబులైజర్ కప్పు, నీటి సీసాలను సరిగా భద్రపరచగలుగుతారు.

9.1 పరిచయం

బస్తర్ దక్షిణ కొసన శబరి నది ఒడ్డున ఉన్న కోంటాలోనూ, భోపాలపట్నం వైపూ తెలుగు మాట్లాడేవారు ఉన్నారు. మీరు అక్కడివారై, జగ్దల్‌పూర్ వంటి పట్టణంలో ఒక నర్సింగ్ హోములో ఆయాగానో, వార్డు బాయ్‌గానో పనిచేస్తూ ఉండవచ్చు. ఆయాసంతో ఉన్న మీ పెద్దవారికి తోడుగా ఉండవలసి రావచ్చు. అప్పుడు ఈ పాఠం మీకు పనికివస్తుంది.

9.2 తడితో ప్రమాదం ఏమిటి?

సిలిండర్ నుండి వచ్చే ఆక్సిజన్ పొడిగా ఉంటుంది. అది ముక్కును, గొంతును ఎండిపోయేలా చేస్తుంది. అందుకే చాలాచోట్ల దానిని నీటి సీసా గుండా పంపుతారు. దీనిని హ్యుమిడిఫైయర్ అంటారు. ఆ నీరు నిలవ ఉంటే సూడోమోనాస్ వంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి.

నెబులైజర్ మందును సన్నని తుంపరగా మారుస్తుంది. కప్పులో సూక్ష్మజీవులుంటే అవి కూడా తుంపరతో నేరుగా ఊపిరితిత్తులలోకి చేరతాయి. బలహీనంగా ఉన్న రోగికి న్యుమోనియా రావచ్చు. అది ప్రాణాపాయం కూడా కావచ్చు.

9.3 శుభ్రపరచడం

1. ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోండి.
2. ఒకరికి వాడిన మాస్కును, గొట్టాన్ని మరొకరికి పెట్టకండి.
3. నెబులైజర్ వాడిన ప్రతిసారీ మిగిలిన మందు పారబోయండి. కప్పు భాగాలు విడదీసి సబ్బు నీటితో కడగండి. కాచి చల్లార్చిన నీటితో తొలచండి. తయారీదారు సూచనలలో ఉంటే రోజుకొకసారి 5 నిమిషాలు మరిగించండి.
4. హ్యుమిడిఫైయర్ నీటిని రోజూ మార్చాలి. పాత నీటిపై కొత్త నీరు పోయరాదు. కుళాయి నీరు, బోరు నీరు వాడరాదు. ఆసుపత్రిలో ఇచ్చే స్టెరైల్ నీటినే గీత వరకు పోయాలి.

హెచ్చరిక: రోగికి ఆక్సిజన్ నడుస్తుండగా సీసాను మీరే విప్పకండి. నర్సును పిలవండి.

9.4 ఆరబెట్టడం, నిల్వ

బస్తర్‌లో జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు. ఆ రోజుల్లో దండెం మీది బట్టలే ఆరవు. గొట్టం లోపలి చెమ్మ అంతకంటే ఆలస్యంగా ఆరుతుంది. కడిగిన భాగాలను నీరు విదిలించి, శుభ్రమైన పొడిగుడ్డపై విడివిడిగా పరచండి. నేలకు, సింకుకు దూరంగా ఉంచండి. తడి మాస్కును పాలిథిన్ సంచిలో మూటకట్టకండి. లోపల చెమ్మ నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. పూర్తిగా ఆరిన తరువాతే మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో పెట్టి, రోగి పేరు, తేదీ రాయండి. వాడకంలో లేని నీటి సీసాను ఖాళీగా, పొడిగా ఉంచండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సీసాలో నీరు సగమయింది. మరికొంత నీరు కలిపితే సరిపోతుందా?
2. మాస్కు కడిగారు. వెంటనే సంచిలో కట్టిపెట్టవచ్చా?

జవాబులు
1. సరిపోదు. పాత నీరు పారబోసి, సీసా కడిగి, కొత్త నీరు పోయాలి.
2. కట్టిపెట్టరాదు. ముందు పూర్తిగా ఆరాలి.

మీరు నేర్చుకున్నది

కడగడంతో పని సగమే అవుతుంది. ఆరబెడితేనే పూర్తవుతుంది.