పాఠం 14: ఫోను నంబరు నిర్ధారణ – ఖాతా భద్రత

14.1 ఉపోద్ఘాతం



గత పాఠంలో మీరు ఈమెయిలు ఖాతా తెరవడం, పాస్‌వర్డ్ పెట్టుకోవడం నేర్చుకున్నారు. ఈ పాఠంలో వాటితో మళ్లీ పని పడుతుంది కనుక ఆ పుస్తకాన్ని దగ్గర ఉంచుకోండి.

సబ్బులు, టీ పొడి, ద్విచక్ర వాహనాలు తయారుచేసే కంపెనీలకు కొనేవారి అభిప్రాయం కావాలి. ఆ పనిని అవి మార్కెట్ పరిశోధన సంస్థలకు అప్పగిస్తాయి. ఆ సంస్థలు ప్రశ్నలు తయారుచేసి సర్వే సైట్లకు ఇస్తాయి. ప్రశ్నలకు జవాబులిచ్చిన వారికి సైటు తనకు వచ్చిన దానిలో కొంత ఇస్తుంది. కొన్ని సైట్లు గిఫ్టు కూపన్లు ఇస్తాయి. కొన్ని బిట్‌కాయిన్ వంటి క్రిప్టోలో చెల్లిస్తాయి. విదేశం నుండి బ్యాంకు ద్వారా ఇరవై రూపాయలు పంపాలంటే పంపడానికయ్యే ఖర్చే అంతకన్నా ఎక్కువ. అందుకే చిన్న మొత్తాలకు క్రిప్టో పద్ధతి వచ్చింది.

మీలో కొందరు తీరిక వేళల్లో ఈ పని చేస్తూ ఉండవచ్చు, మరికొందరు చేయాలనుకుంటూ ఉండవచ్చు. ఈ పాఠం చదివిన తరువాత, సైటు మీ ఫోను నంబరు ఎందుకు అడుగుతుందో, ఏ నంబరు ఇవ్వాలో, ఆ నంబరు ద్వారా ఖాతా ఎలా చేజారుతుందో మీరు వివరించగలుగుతారు.

14.2 ముందుగా ఒక లెక్క

రూపాయికి పైసలు ఉన్నట్లే బిట్‌కాయిన్‌కు సతోషీలు ఉన్నాయి. ఒక బిట్‌కాయిన్ అంటే 10 కోట్ల సతోషీలు. బిట్‌కాయిన్ ధర రోజూ మారుతుంది. లెక్క కోసం అది 50 లక్షల రూపాయలు అనుకుందాం. అప్పుడు ఒక సతోషీ విలువ ఎంత?

50,00,000 ÷ 10,00,00,000 = 0.05 రూపాయి, అంటే 5 పైసలు.

సైటు మీకు “400 సతోషీలు” అని చూపితే అది 20 రూపాయలు. అంకె పెద్దదిగా కనబడినంత మాత్రాన మోసపోకండి. జీతానికి బదులుగా ఈ పనిని లెక్కవేసుకోవద్దని నా సలహా. చిన్న మొత్తమే కదా అని ఖాతాను అశ్రద్ధ చేయడం కూడా తగదు. ఖాతాకు కట్టి ఉన్న మీ నంబరు చిన్నది కాదు. బ్యాంకు, గ్యాసు, పిల్లల స్కాలర్‌షిప్పు అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి.

14.3 సైటు నంబరు ఎందుకు అడుగుతుంది?

సర్వేకు డబ్బు ఇచ్చే కంపెనీకి వెయ్యిమంది జవాబులు కావాలంటే వెయ్యిమంది మనుషులే కావాలి. ఒకే వ్యక్తి యాభై ఈమెయిళ్లతో యాభై ఖాతాలు తెరిచి జవాబులిస్తే ఆ సర్వే పనికిరాదు. ఈమెయిలు ఖాతా ఉచితంగా ఎన్నయినా తెరవవచ్చు. మన దేశంలో సిమ్ కావాలంటే గుర్తింపు పత్రం చూపాలి, ఒకరి పేరు మీద 9 కనెక్షన్లకు మించి ఉండరాదు (జమ్మూకశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాలలో 6). కాబట్టి “ఒక మనిషి – ఒక నంబరు – ఒక ఖాతా” అన్నది ఈ సైట్లు పాటించే నియమం.

మీరు +91 తరువాత పది అంకెలు టైపు చేయగానే సైటు ఆ నంబరు ఎలాంటిదో కూడా చూస్తుంది. అది మామూలు మొబైలు నంబరా, లేక ఇంటర్నెట్ ద్వారా మాత్రమే పనిచేసే నంబరా అన్నది తెలుసుకునే ఏర్పాటు ఉంది. ఇంటర్నెట్ నంబర్లను చాలా సైట్లు తిరస్కరిస్తాయి. తరువాత ఒక సంకేతం పంపుతుంది. అదే ఓటీపీ. దానిని మీరు తిరిగి టైపు చేస్తే, ఈ క్షణంలో ఆ నంబరు మీ చేతిలో ఉందని సైటు గ్రహిస్తుంది.

“ఈ క్షణంలో” అన్న మాటను గీత గీసి పెట్టుకోండి. ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో, రేపు ఎవరి చేతిలో ఉంటుందో ఓటీపీ చెప్పదు.

పాఠ్యగత ప్రశ్న 1: పై లెక్క ప్రకారం 1,500 సతోషీల విలువ ఎన్ని రూపాయలు?

14.4 ఆ నంబరు ఎవరిది?

నిజామాబాదు జిల్లాలో కుట్టుపని చేసుకునే ఒక మహిళను ఊహించుకుందాం. ఆమె భర్త దుబాయిలో పనిచేస్తున్నాడు. వెళ్లేముందు తన ఆధార్‌తో ఒక సిమ్ తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె మధ్యాహ్నం పూట ఆ ఫోనులో సర్వేలు నింపుతుంది. ఆరు నెలలలో ఒక గ్యాసు బండ కొనేంత సతోషీలు కూడాయి. ఒకరోజు బస్సులో ఫోను పోయింది. కొత్త ఫోను దొరికింది కాని అదే నంబరుతో సిమ్ కావాలంటే, సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే రావాలన్నారు దుకాణంలో. ఆ మనిషి దుబాయిలో ఉన్నాడు. కొత్త ఫోనులో సర్వే ఖాతా తెరవబోతే “మీ నంబరుకు ఓటీపీ పంపాము” అంటుంది సైటు.

ఇక్కడ దొంగతనమేమీ జరగలేదు, పాస్‌వర్డ్ కూడా ఆమెకు గుర్తుంది. అయినా ఖాతా తెరుచుకోలేదు. దుకాణదారును తప్పు పట్టలేము, అతడు నియమం ప్రకారమే నడుచుకున్నాడు. మన ఇళ్లలో స్త్రీల చేతిలో ఉండే ఫోన్లు ఎన్ని వారి పేరు మీద ఉన్నాయో మీరే ఆలోచించండి. భర్త, అన్న, మరిది, ఒక్కోసారి సిమ్ అమ్మిన కుర్రవాడి పేరు మీద కూడా ఉంటాయి. సర్వే సైటు సంగతి అటుంచి, మీ సిమ్ మీ పేరు మీద లేకపోతే ఈ పాఠం పూర్తయ్యాక చేయవలసిన మొదటి పని దానిని మీ పేరుకు మార్పించుకోవడం. ప్రస్తుతం ఎవరి పేరు మీద ఉందో వారు, మీరు ఇద్దరూ గుర్తింపు పత్రాలతో ఆ కంపెనీ కేంద్రానికి వెళ్లండి.

దీనికి వ్యతిరేకమైన పరిస్థితి కూడా ఉంది. మీ పేరు మీద మీకు తెలియని సిమ్‌లు ఉండవచ్చు. “వేలిముద్ర సరిగా పడలేదు, మళ్లీ పెట్టు” అని రెండుసార్లు వేయించుకొని రెండవ సిమ్ తీసే మోసాలు జరిగాయి. కేంద్ర టెలికం శాఖ 2023 మే నెలలో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఉన్న కనెక్షన్లన్నీ చూడవచ్చు. మీది కాని నంబరు కనబడితే అక్కడే తెలియజేయవచ్చు.

నంబరు మనకు శాశ్వత ఆస్తి కాదు, అద్దె ఇల్లు వంటిది. రీఛార్జి చేయకుండా వదిలేస్తే సేవ ఆగిపోతుంది. ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరు, ఆ తరువాత మరొకరికి ఇవ్వవచ్చు. ఇది నాకే ఎదురయింది. నా పాత నంబరు ఒకటి అలా పోయింది. చాలాకాలానికి ఒక ఈమెయిలు ఖాతా తెరవబోతే ఓటీపీ ఆ నంబరుకు వెళ్లింది. ఫోను చేసి, దయచేసి ఆ అంకెలు చెప్పమని బతిమాలాను. అవతలి ఆయన, “ఓటీపీ ఎవరికీ చెప్పకూడదండీ” అని పెట్టేశాడు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆ ఖాతా నాకు నేటికీ తిరిగి రాలేదు. నంబరు వదులుకునే ముందే అన్ని ఖాతాలలో కొత్త నంబరు మార్చుకోవాలని మాత్రం నాకు బాగా తెలిసివచ్చింది.

కొందరు సొంత నంబరు ఇవ్వడం ఇష్టంలేక, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే “తాత్కాలిక నంబర్లు” వాడతారు. ఆ నంబరుకు వచ్చే సందేశాలు అందరికీ కనబడే పేజీలోనే పడతాయి. మీరు చూడగలిగినదాన్ని ఇంకొకరూ చూడగలరు. వారు “పాస్‌వర్డ్ మరచిపోయాను” అని నొక్కితే మీ ఖాతా వారిదవుతుంది. సైటు పసిగడితే ఖాతా మూసివేసి, అందులో కూడబెట్టినది కూడా ఆపేస్తుంది.

ఇంకా ప్రమాదకరమైనది, “మీ నంబరుకు వచ్చే ఓటీపీ చెప్పండి, 50 రూపాయలు ఇస్తాం” అనే బేరం. ఆ ఓటీపీతో ఎవరో మీ నంబరు మీద ఖాతా తెరుస్తారు. దానితో మోసం జరిగితే విచారణ మీ గుమ్మం దగ్గరకే వస్తుంది.

పాఠ్యగత ప్రశ్న 2: పై ఉదాహరణలోని మహిళ పాస్‌వర్డ్ గుర్తుంచుకున్నా ఖాతా ఎందుకు తెరవలేకపోయింది?

14.5 ఓటీపీ ఎలా చేజారుతుంది?

ఆరు అంకెల ఓటీపీలో 10 లక్షల రకాల కలయికలు సాధ్యం. అది కొద్ది నిమిషాలే పనిచేస్తుంది, కొన్నిసార్లు తప్పుగా కొడితే సైటు ఆపివేస్తుంది. కాబట్టి దొంగ దానిని ఊహించడు. మిమ్మల్నే అడుగుతాడు. “సర్వే సైటు నుండి మాట్లాడుతున్నాం, మీ చెల్లింపు ఆగిపోయింది, ఇప్పుడు వచ్చిన నంబరు చెప్పండి” అంటాడు. సైటుకు ఆ సంకేతం ముందే తెలుసు, పంపినది అదే కదా! తెలిసినదాన్ని మిమ్మల్ని ఫోనులో అడగవలసిన అవసరం దానికి లేదు.

రెండవ దారి కాల్ మళ్లింపు. కొన్ని సైట్లు ఓటీపీని ఫోను చేసి చదివి వినిపిస్తాయి. దొంగ ఏదో సాకు చెప్పి, *401* తో మొదలయ్యే నంబరును మీచేత డయల్ చేయిస్తాడు. అప్పటినుండి మీ కాల్స్ అతనికి వెళతాయి. ఈ బెడద వల్ల, ఇలా అంకెలు డయల్ చేసి కాల్స్ మళ్లించే సౌకర్యాన్ని 2024 ఏప్రిల్ 15 నుండి నిలిపివేయమని టెలికం శాఖ కంపెనీలను ఆదేశించింది. అయినా అనుమానం ఉంటే ##002# డయల్ చేయండి, మళ్లింపులు రద్దవుతాయి.

మూడవది నకిలీ పత్రాలతో మీ నంబరుకు డూప్లికేట్ సిమ్ తీయడం. అప్పుడు మీ ఫోనులో ఉన్నట్టుండి సిగ్నల్ పోతుంది. ఇరుగుపొరుగు వారికి సిగ్నల్ ఉండి, మీకు ఒక్కరికే గంటలతరబడి లేకపోతే, వెంటనే వేరే ఫోను నుండి మీ కంపెనీకి తెలపండి. కొత్త సిమ్ ఇచ్చాక 24 గంటలపాటు దానికి ఎస్ఎమ్ఎస్‌లు ఆపాలని 2022లో టెలికం శాఖ ఆదేశించింది. ఆ ఒక్కరోజే మీకున్న వ్యవధి.

14.6 ఎస్ఎమ్ఎస్ కన్నా మేలైన తాళం

సైటు “ఆథెంటికేటర్” సౌకర్యం ఇస్తే తప్పక వాడండి. ఇది ఉచితంగా దొరికే ఒక యాప్. మొదటిసారి సైటు చూపే క్యూఆర్ కోడ్‌ను యాప్‌తో స్కాన్ చేయాలి. ఆ కోడ్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది. అది మీ ఫోనులోనూ సైటు వద్దా నిలిచిపోతుంది. ఆ తరువాత ఇద్దరూ ఆ రహస్యాన్ని, అప్పటి సమయాన్ని కలిపి ఒకే సూత్రంతో లెక్క కడతారు. ఇద్దరికీ అదే ఆరంకెల జవాబు వస్తుంది. సాధారణంగా 30 సెకన్లకొకసారి అది మారుతుంది.

మధ్యలో ఎస్ఎమ్ఎస్ లేదు కనుక సిమ్ మారినా దొంగకు ఏమీ అందదు. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. గల్ఫ్‌లో ఉండి ఇక్కడి సిమ్‌కు రోమింగ్ లేని వారికి ఇది మరీ ఉపయోగం. అయితే ఈ అంకెలు కూడా ఎవరికైనా చెబితే చెప్పినట్టే!

యాప్ పెట్టుకునేటప్పుడు సైటు సాధారణంగా కొన్ని అత్యవసర సంకేతాలు ఇస్తుంది. వాటిని ఫొటో తీయవద్దు. కాగితం మీద రాసి రేషను కార్డు ఉంచేచోట ఉంచండి. ఫోను పోయిన రోజున ఆ కాగితమే దారి.

14.7 చెల్లింపు తీసుకునేటప్పుడు

క్రిప్టోను మీ వాలెట్‌కు పంపించుకునేటప్పుడు చిరునామాను కాపీ చేసి, మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు సరిచూడండి. బ్యాంకులో పొరపాటు జరిగితే మేనేజరును కలవవచ్చు. ఇక్కడ ఒకసారి వెళ్లిన సొమ్మును వెనక్కి తెప్పించే అధికారి లేడు. వాలెట్ ఇచ్చే 12 లేదా 24 పదాల వరుస దానికి తాళంచెవి, అది ఏ సర్వే సైటుకూ అవసరం లేదు. “ముందు 1,000 రూపాయలు కడితే మీ సంపాదన విడుదల చేస్తాం” అనే సైటు సర్వే సైటే కాదు.

క్రిప్టో మన దేశంలో చట్టబద్ధమైన నాణెం కాదు. దానిని అమ్మగా వచ్చిన లాభంపై 2022 ఏప్రిల్ 1 నుండి 30 శాతం పన్ను ఉంది. రూపాయలుగా మార్చే ఎక్స్ఛేంజీలు పాన్ అడుగుతాయి, బ్యాంకు ఖాతా కూడా అదే పేరుతో ఉండాలి. మోసం జరిగితే 1930కి వెంటనే ఫోను చేయండి. ఎన్ని గంటలకు, ఏ నంబరు నుండి కాల్ వచ్చిందో రాసిపెట్టుకొని మాట్లాడండి.

పాఠ్యగత ప్రశ్న 3: “మీ ఖాతా ఆగిపోకుండా ఉండాలంటే ఆథెంటికేటర్‌లో కనబడే అంకెలు చెప్పండి” అని సర్వే సైటు పేరుతో ఫోను వచ్చింది. ఏం చేస్తారు?

చేసి చూడండి: మీ ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటికీ ఒక పట్టిక తయారుచేయండి. నంబరు, వాడేవారు, సిమ్ ఎవరి పేరు మీద ఉంది, ఏయే ఖాతాలకు కట్టి ఉంది అని నాలుగు గళ్లు గీయండి. పూర్తిచేసిన పట్టికను మీ అధ్యయన కేంద్రంలో జరిగే సంపర్క తరగతికి తెచ్చి చర్చించండి. నంబర్లలో చివరి రెండు అంకెలు మాత్రమే రాస్తే చాలు.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. 1,500 × 5 పైసలు = 7,500 పైసలు, అంటే 75 రూపాయలు.

2. సిమ్ ఆమె భర్త పేరు మీద ఉండడం వలన అదే నంబరుతో కొత్త సిమ్ దొరకలేదు. ఓటీపీ ఆ నంబరుకే వెళుతుంది. (ఆమె ముందుగా ఆథెంటికేటర్ పెట్టుకొని, అత్యవసర సంకేతాలు రాసి ఉంచుకొని ఉంటే ఏమయ్యేదో మీరే చెప్పండి.)

3. చెప్పకుండా ఫోను పెట్టేయాలి. తరువాత సైటు చిరునామాను మీరే టైపు చేసి ఖాతాలోకి వెళ్లి, అక్కడ నిజంగా ఏదైనా సమాచారం ఉందేమో చూడాలి. ఫోనులో చెప్పినవారు పంపిన లింకును నొక్కి వెళ్లరాదు.