పందెపు విలువయు, పొరుగువాని విలువయు

చదువవలసిన భాగములు: కీర్తనలు 33:16–19, లూకా 14:28–30, 1 కొరింథీయులకు 10:23–24, ఎఫెసీయులకు 4:28.



చదువుకొరకును, ఆసుపత్రి పనికొరకును మన గ్రామములనుండి ఇంగ్లండు దేశమునకు వెళ్లిన బిడ్డలు కలరు. అక్కడ చలికాలమంతయు శనివారములయందు కంచెలు దుముకు గుఱ్ఱముల పందెములు విరివిగా జరుగును. చేతిలోని ఫోనునుండియే పందెము వేయవచ్చును. “ఇది గ్రుడ్డి జూదము కాదు, లెక్క. గుఱ్ఱమునకు సరిగా విలువ కట్టి పందెము వేసినయెడల తప్పేమి?” అని యౌవనస్థులు అడుగుదురు. ఈ ప్రశ్నను కసరి త్రోసివేయుట తగదు. మొదట వారి లెక్కను విందము. పిమ్మట దానిని వాక్యపు వెలుగునకు తెత్తము.

1. ఈ పందెములు ఎట్టివి?

వీటిని స్టీపుల్‌చేజ్ అందురు. స్టీపుల్ అనగా దేవాలయపు శిఖరము. 1752లో ఐర్లండు దేశపు కార్క్ కౌంటీలో ఇద్దరు మనుష్యులు పందెము వేసికొని, బటవెంట్ దేవాలయ శిఖరమునుండి డొనరైల్ దేవాలయ శిఖరమును గురిగా పెట్టుకొని, గోడలును కాలువలును దుముకుచు గుఱ్ఱములపై పరుగెత్తిరని చెప్పుదురు. ఆ పేరు అట్లు నిలిచినది. ప్రార్థనకు పిలుచు శిఖరము పందెమునకు గురియాయెను!

వీటిలో పేరుగాంచినది లివర్‌పూల్ యొద్ద ఎయిన్‌ట్రీలో జరుగు గ్రాండ్ నేషనల్. దూరము నాలుగు మైళ్లకు పైన. దుముకవలసిన కంచెలు 30. 1839లో అక్కడ గెలిచిన గుఱ్ఱము పేరు లాటరీ.

2. “విలువ” అనగా ఏమి?

బుకీ ఒక గుఱ్ఱమునకు 4/1 ధర పెట్టెననుకొందము. అనగా ఒక పౌను వేసినవానికి, ఆ గుఱ్ఱము గెలిచినయెడల, నాలుగు పౌనుల లాభముతోపాటు తన పౌను తిరిగి వచ్చును. ఆ గుఱ్ఱము నూటికి 20 సార్లు గెలుచునదైతే ఆ ధర సరికి సరి. నిజముగా 25 సార్లు గెలువగలదైతే, నూరు పౌనులు వేసినవానికి 125 వచ్చును. దీనినే పందెగాండ్రు “విలువ” అందురు. గెలుచు గుఱ్ఱమేదని కాదు, ధరకు మించిన అవకాశము గల గుఱ్ఱమేదని వారు వెదకుదురు. ఇందుకై నేల మెత్తదనమును, మోయు బరువును, దూరమును, జాకీ నేర్పును, గత పరుగులను పరిశీలింతురు.

ఈ శ్రద్ధను మనము ఎగతాళి చేయరాదు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని ప్రభువు బోధించెను. అయితే లెక్క సగములో ఆపరాదు, తుదివరకు చేయవలెను.

3. లెక్కను తుదివరకు చేయుదము

మొదటిది, బుకీ కూలి. అయిదు గుఱ్ఱముల పందెములో ధరలు 1/1, 3/1, 4/1, 9/1, 9/1 అనుకొనుడి. ఈ ధరలనుబట్టి అవకాశములు నూటికి 50, 25, 20, 10, 10. మొత్తము 115! నిజమైన అవకాశములన్నియు కలిసి నూటికి మించవు గదా. ఆ ఎక్కువ 15 బుకీ పక్షమున తూగు తూనికరాయి. సంతలో దొంగ తూకము చూచిన మనము కోపింతుము. ఇక్కడ అది బాహాటముగా వ్రేలాడుచున్నను చూడము.

రెండవది, మన కన్ను. అవకాశము 25 అనుకొన్న గుఱ్ఱమునకు నిజముగా 15 మాత్రమే ఉన్నయెడల నూరు పౌనులకు 75 మాత్రమే తిరిగి వచ్చును. ఆ తేడాను ఎవరు తూచగలరు? పందెము ఒక్కసారియే జరుగును గనుక, అది ముగిసిన తరువాతను మన అంచనా ఒప్పో తప్పో తెలియదు. 1967లో ఎయిన్‌ట్రీలో 23వ కంచె యొద్ద గుఱ్ఱములన్నియు ఒకదానిపై ఒకటి పడి చిక్కుకొనగా, వెనుక వచ్చుచున్న ఫోయినవాన్ సందు చూచుకొని దాటి గెలిచెను. దాని ధర 100/1. దాని శిక్షకుడే ఆ దినమున మైదానమునకు రాలేదు.

మూడవది, ఓర్పు. అంచనా నిజమై, అవకాశము 25 ఉన్నను, వరుసగా పది పందెములు పోవుటకు సుమారు 18లో ఒక వంతు అవకాశము కలదు. ఆ పది శనివారములలో ఇంటి అద్దె ఎవరు కట్టుదురు? తల్లికి పంపవలసిన సొమ్ము ఎక్కడనుండి వచ్చును? పోయినదానిని రాబట్టుకొనవలెనను ఆత్రము పుట్టిన గడియలోనే లెక్క పుస్తకము మూతపడును.

4. లెక్కలో లేని మనుష్యుడు

అన్నిటిని దాటి ఒకడు నిజముగా లాభము పొందెననుకొందము. ఆ సొమ్ము ఎవరిది? “బుకీది” అందురు. బుకీ తన పొలము పంటలోనుండి ఇచ్చునా? ఓడినవారి జేబులోనుండియే ఇచ్చును. రైతు ధాన్యమమ్మగా కొనినవానికి అన్నము, అమ్మినవానికి రూకలు దొరకును. ఇద్దరును మేలు పొందుదురు. పందెములోనో, తెలివైనవాని “విలువ” తెలివి చాలనివాని తప్పిదమే. ఆ తెలివి చాలనివాడు జీతము పోగొట్టుకొని ఇల్లు చేరు ఒక తండ్రి కావచ్చును. దొంగిలించువాడు ఇకమీదట కష్టపడి పని చేసి అక్కరగలవానికి పెట్టవలెనని పౌలు ఎఫెసు సంఘమునకు వ్రాసెను. సంపాదన న్యాయమైనదో కాదో చూపు కొలత అక్కడ ఉన్నది: అది పొరుగువానికి మేలు చేయునా?

“చట్టము ఒప్పుకొనుచున్నది గదా” అందురు. బ్రిటనులో 1961నుండి పందెపు దుకాణములకు అనుమతి కలదు. మన సుప్రీంకోర్టు సహితము 1996లో గుఱ్ఱపు పందెము నేర్పుపై ఆధారపడినదని తీర్పు చెప్పెను. మరియొక ప్రక్క తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోను ఆన్‌లైన్ జూదము నిషేధింపబడెను. చట్టములు దేశమునుబట్టి, కాలమునుబట్టి మారును. అపొస్తలుడు మనకు ఇచ్చిన కొలత మారదు: చేయదగినదంతయు క్షేమాభివృద్ధి కలుగజేయదు, ప్రతివాడు ఎదుటివాని మేలు చూచుకొనవలెను.

నోరులేని గుఱ్ఱమును కూడ తలంతము. ఎయిన్‌ట్రీ గ్రాండ్ నేషనల్‌లో 2011లో రెండు, 2012లో రెండు గుఱ్ఱములు చనిపోయెను. పిమ్మట కంచెలను మార్చిరి. 2024నుండి పరుగెత్తు గుఱ్ఱములను 40నుండి 34కు తగ్గించిరి. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగినవాడని సామెతలు 12:10 నేర్పుచున్నది.

5. మనము చేయవలసినది

దూరమున ఉన్న బిడ్డకు ఉత్తరము వ్రాయునప్పుడు, ఫోనులో మాటలాడునప్పుడు, సొమ్ము ఎంత పంపెదవని మాత్రమే అడుగక, ఎట్లున్నావని అడుగుదము. చిక్కుకొన్నవానిని సిగ్గుపరచినయెడల అతడు దాచుకొనును. దాచుకొన్నవాడు మరి లోతుగా దిగును. బ్రిటనులో గామ్‌స్టాప్ అను ఏర్పాటు కలదు. అందులో తన పేరు తానే వ్రాయించుకొన్నయెడల అక్కడ లైసెన్సు గల ఆన్‌లైన్ పందెపు సంస్థలన్నియు అతనిని చేర్చుకొనకూడదు. ఆ మాట అతనికి చెప్పుదము. అప్పు ఉన్నయెడల పెద్దల యెదుట విప్పి చెప్పుకొని, నెలనెల తీర్చు త్రోవ చూతము.

గుఱ్ఱము రక్షింపజాలదనియు, ప్రభువు కన్ను ఆయన కృపకొరకు కనిపెట్టువారిమీద నిలుచుననియు 33వ కీర్తన సాక్ష్యమిచ్చుచున్నది. మనకు విలువ కట్టినవాడు ధర తక్కువగా ఉన్నదని మనలను కొనలేదు. తన్ను తానే వెలగా ఇచ్చి కొనెను. అట్లు కొనబడిన మనము మన పొరుగువానిని లాభపు లెక్కలో అంకెగా ఎట్లు వ్రాయుదుము?

కూటములో చర్చించుటకు ప్రశ్నలు:
1. వ్యాపారపు లాభమునకును పందెపు లాభమునకును భేదమేమి?
2. మన పండుగల కోడిపందెములకు ఈ పాఠము ఎట్లు వర్తించును?
3. అప్పులో చిక్కిన సహోదరుడు నిర్భయముగా చెప్పుకొనదగిన ఇద్దరు పెద్దలు మన సంఘములో ఉన్నారా?