పాత ప్లగ్గు చెప్పే పాఠం

ఉద్దేశం

యంత్రాన్ని బాగుచేయడంలో చేతి నేర్పు ఎంత అవసరమో, దాని వెనుక ఆలోచన కూడా అంతే అవసరం. పాత పెట్రోలు జీపులో స్పార్క్ ప్లగ్గులను, వాటికి విద్యుత్తును అందించే తీగలను మార్చే విధానాన్ని వివరించడం, చెడిన భాగాన్ని తీసివేసే ముందు అది చెడిన కారణాన్ని గుర్తించవలసిన ఆవశ్యకతను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం మీదుగా జగదల్‌పూర్ వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న పట్టణం తిరువూరు. పూర్వం కృష్ణా జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. చుట్టూ మెట్ట పొలాలు, మామిడి తోటలు, వానకాలంలో పొంగే వాగులు. తారు రోడ్డు దిగితే మట్టి బాట. బాటకు అడ్డంగా వాగు, దాని మీద చప్టా. ఇటువంటి నేల మీద తిరగడానికి నేల నుంచి ఎత్తుగా ఉండి, నాలుగు చక్రాలకూ శక్తి అందే జీపు అనువైన వాహనం.

మన పల్లెలలో కనిపించే పాత జీపులలో ఎక్కువ భాగం డీజిలు బండ్లే. డీజిలు ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. అందులో గాలిని బాగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. పెట్రోలు ఇంజను స్వభావం వేరు. గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని సరిగ్గా తగిన క్షణంలో నిప్పురవ్వతో వెలిగించాలి. కనుక ఈ పాఠంలో చెప్పుకొనే పని పాత విల్లీస్ జీపు, మారుతి జిప్సీ వంటి పెట్రోలు బండ్లకు సంబంధించినది. జిప్సీ 1985లో 970 ఘనపు సెంటీమీటర్ల ఇంజనుతో మన రోడ్ల మీదికి వచ్చింది. 1996లో దానికి 1.3 లీటర్ల ఇంజను అమర్చారు. సైన్యంలో విస్తృతంగా సేవలందించిన ఈ బండి తయారీ ఇప్పుడు ఆగిపోయింది. అయినా ఓపికగా చూసుకొనే యజమానుల చేతిలో అది నేటికీ నడుస్తూనే ఉంది.

నిప్పురవ్వ ఎలా పుడుతుంది?

బండిలోని బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు మాత్రమే. ప్లగ్గు కొనలో ఉన్న సన్నని ఖాళీని దాటడానికి ఆ శక్తి ఏమాత్రం చాలదు. అందువల్ల ఇగ్నిషన్ కాయిల్ అనే చుట్ట ఆ 12 వోల్టులను పదిహేను, ఇరవై వేల వోల్టుల స్థాయికి, అవసరాన్ని బట్టి అంతకు మించి కూడా పెంచుతుంది. ఒక చుట్టలో ప్రవహిస్తున్న కరెంటును హఠాత్తుగా తెంచితే పక్క చుట్టలో అధిక వోల్టేజి పుడుతుందని మీరు భౌతికశాస్త్రంలో చదువుకొనే విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే ఇక్కడ పనిచేస్తున్నది. ఆ విద్యుత్తును డిస్ట్రిబ్యూటరు వంతుల వారీగా పంచుతుంది. మందపాటి రబ్బరు తొడుగు గల తీగలు దానిని ఒక్కొక్క ప్లగ్గుకు చేరుస్తాయి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క ప్లగ్గు సెకనుకు 25 సార్లు రవ్వను పుట్టించాలి. ఒక్కటి తప్పినా ఇంజను శబ్దంలో తేడా తెలుస్తుంది. దానినే మన మెకానిక్కులు 'మిస్సింగ్' అంటారు.

ఈ చిన్న పరికరానికి పెద్ద చరిత్రే ఉంది. జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థలో పనిచేసిన గాట్లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు 1902లో అధిక వోల్టేజి మాగ్నెటోను, దానితో పనిచేసే స్పార్క్ ప్లగ్గును రూపొందించాడు. వేగంగా తిరిగే ఇంజనులకు నమ్మకమైన రవ్వ దానితో లభించింది. మన దేశంలో 1951లో ఏర్పడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ 'మైకో' పేరుతో ప్లగ్గులను ఊరూరా పరిచయం చేసింది. ఆ కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకొన్నది.

విప్పే ముందు అడగవలసినది

బండి కుదుపుతో నడుస్తున్నదని, పెట్రోలు ఎక్కువగా తాగుతున్నదని యజమాని చెప్పగానే నాలుగు ప్లగ్గులూ మార్చేవారు ఉన్నారు. అనుభవం గల మేస్త్రీ అలా తొందరపడడు. "ఎప్పటి నుంచి వస్తోందండీ? పొద్దున్నే స్టార్టు చేసినప్పుడా, ఇంజను వేడెక్కాకనా? వాగు దాటాక మొదలైందా?" అని ముందుగా అడుగుతాడు. ఈ ప్రశ్నలు వైద్యుడు రోగిని అడిగే ప్రశ్నల వంటివి. వానలో తడిసిన తరువాత, మంచు కురిసిన ఉదయాన మాత్రమే ఇబ్బంది వస్తుంటే ప్లగ్గు కన్నా ముందు తీగలను అనుమానించాలి. రబ్బరు తొడుగు ఎండకు, ఇంజను వేడికి పగుళ్లు వారితే, తడి తగిలినప్పుడు విద్యుత్తు ఆ పగులు గుండా ఇంజను లోహంలోకి జారిపోతుంది. ఇక ప్లగ్గుకు చేరేది ఏమీ ఉండదు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే కుదుపు వస్తే ప్లగ్గు కొనలోని ఖాళీ అరిగి పెరిగిందేమో చూడాలి. ఖాళీ పెరిగిన కొద్దీ దానిని దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి.

విప్పే విధానం

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతే ఈ పనికి పూనుకోవాలి. ప్లగ్గు బిగించి ఉండే సిలిండరు హెడ్ చాలా ఇంజనులలో అల్యూమినియంతో తయారవుతుంది. వేడి మీద పానా వేసి తిప్పితే మెత్తని ఆ లోహంలోని మరలు ప్లగ్గుతో పాటు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. కొద్ది రూపాయల ప్లగ్గు కోసం హెడ్ మొత్తాన్ని విప్పవలసి వస్తుంది.

తాళం తీసి, బ్యాటరీ రుణధ్రువం తీగను వదులు చేయాలి. ప్లగ్గు చుట్టూ పేరుకొన్న దుమ్మును గాలితో ఊది శుభ్రం చేయాలి. లేకపోతే ప్లగ్గు ఊడగానే ఇసుక రేణువులు సిలిండరులో పడి పిస్టను గోడలను గీస్తాయి. నాలుగు తీగలనూ ఒక్కసారిగా పీకకూడదు. ఒక తీగను తీసి, ఆ ప్లగ్గు పని ముగించి, తిరిగి తొడిగిన తరువాతనే రెండవదానిని ముట్టాలి. తీగను పట్టుకొని లాగితే లోపలి వాహకం తెగుతుంది. రబ్బరు టోపీని పట్టుకొని కొద్దిగా మెలితిప్పి తీయాలి.

ప్లగ్గు నాలుక

తీసిన ప్లగ్గులను చెత్తలో వేయకుండా ఒకటవ సిలిండరు నుంచి నాలుగవ సిలిండరు దాకా వరుసగా ఒక గుడ్డ మీద పేర్చాలి. వైద్యుడు నాలుకను చూసి శరీర స్థితిని ఊహించినట్లు, ప్లగ్గు కొన రంగును చూసి ఇంజను ఆరోగ్యాన్ని తెలుసుకోవచ్చు.

కొన లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే దహనం సక్రమంగా జరుగుతున్నట్లు. పొడి మసి నల్లగా పట్టి ఉంటే పెట్రోలు పాలు ఎక్కువై ఉండవచ్చు, గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు. నల్లగా, జిడ్డుగా, తడిగా ఉంటే సిలిండరులోకి ఇంజను ఆయిలు చేరుతున్నది. పిస్టను రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఉంటాయి. తెల్లగా పాలిపోయి, బుడిపెలు కట్టి ఉంటే ఇంజను అతిగా వేడెక్కుతున్నట్లు భావించాలి. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే తన మీది మసిని తానే కాల్చుకొంటుంది. 850 డిగ్రీలు మించితే రవ్వ పుట్టకముందే మిశ్రమాన్ని మండించి పిస్టనుకు చేటు తెస్తుంది. అందుకే కంపెనీ సూచించిన ఉష్ణ శ్రేణి గల ప్లగ్గునే వాడాలి.

నాలుగింటిలో మూడు గోధుమ రంగులో ఉండి, ఒక్కటే నల్లబడితే దోషం ఆ ఒక్క సిలిండరుదే. అప్పుడు ఆ ప్లగ్గును పక్క సిలిండరులో వేసి చూడాలి. ప్లగ్గుతో పాటు మిస్సింగ్ కూడా పక్క సిలిండరుకు పోతే తప్పు ప్లగ్గుదే. పాత చోటనే నిలిచిపోతే తీగను పరీక్షించాలి. తీగ కూడా మంచిదే అయితే సిలిండరులోపలి ఒత్తిడిని కొలిపించాలి. ఒక్కసారి ఒక్క దానినే మార్చి, ఫలితాన్ని గమనించి, ఆ తరువాతే ముందుకు సాగడం ప్రయోగశాలలో మీరు పాటించే పద్ధతే.

కొత్తవి బిగించడం

కొత్త ప్లగ్గు కొనలోని ఖాళీని ఫీలర్ గేజితో కొలవాలి. పాత పెట్రోలు ఇంజనులకు ఇది సాధారణంగా 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది. బండితో ఇచ్చిన పుస్తకంలోని కొలతే ప్రమాణం. ప్లగ్గును మొదట చేతి వేళ్లతోనే తిప్పాలి. మర సరిగా పడితే అది తేలికగా దిగుతుంది. బిగుసుకుపోతే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలే గాని బలం ఉపయోగించకూడదు. చేతితో పూర్తిగా దిగిన తరువాత, వాషరు గల కొత్త ప్లగ్గును పానాతో మరొక అర చుట్టు తిప్పితే చాలు. అంతకు మించి బిగించడం బలమే గాని నేర్పు కాదు.

తీగలను మార్చేటప్పుడు పాత తీగ పక్కన కొత్త తీగను పెట్టి పొడవు సరిచూడాలి. ఓం మీటరుతో నిరోధాన్ని కొలిస్తే లోపల తెగిన తీగ వెంటనే పట్టుబడుతుంది. ఈ ఇంజనులలో రవ్వ 1-3-4-2 అనే వరుసలో పుడుతుంది. ఈ వరుసలో 3, 4 సిలిండరులు వెంట వెంటనే వెలుగుతాయి. 2 తరువాత 1 వెలుగుతుంది. ఇంజనులో అవి పక్కపక్కన కూడా ఉంటాయి. కాబట్టి ఆ తీగలు ఒకదానికొకటి ఆనుకొని పోతే ఒక తీగలోని విద్యుత్తు ప్రేరణ వల్ల రెండవ తీగలో కూడా రవ్వ పుట్టవచ్చు. తీగలను క్లిప్పులలో ఎడంగా అమర్చడం అలంకారం కోసం కాదు. పొగ గొట్టానికి తగలకుండా చూడడం కూడా అంతే ముఖ్యం. టోపీ 'టిక్' మని కూర్చున్నదాకా నొక్కాలి. ఇంజను నడుస్తుండగా తీగలను చేతితో తాకరాదు. దగ్గరలో పెట్రోలు ఒలికి ఉంటే రవ్వను పరీక్షించరాదు.

సగం పని, మిగిలిన సగం

రవ్వ తప్పిన సిలిండరులోని పెట్రోలు మండకుండా గోడల మీది ఆయిలు పూతను కడిగివేస్తుంది. కొంత కిందికి జారి ఇంజను ఆయిలులో కలిసి దానిని పలుచన చేస్తుంది. రింగులు త్వరగా అరుగుతాయి. ఆ విధంగా చిన్న ఖర్చుతో తీరే లోపం ఉపేక్ష వల్ల ఇంజను మొత్తాన్ని విప్పే ఖర్చుగా మారుతుంది. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది. రింగులు అరిగి ఆయిలు పైకి వస్తున్న ఇంజనుకు కొత్త ప్లగ్గులు బిగిస్తే బండి ఆ రోజు చక్కగా నడుస్తుంది. యజమాని సంతోషంగా డబ్బు ఇచ్చి వెళతాడు. కొన్ని వారాలకు ఆ ప్లగ్గులూ జిడ్డుగా తడిసిపోతాయి. జబ్బు రింగులలో ఉంటే మందు ప్లగ్గుకు వేసినట్లయింది.

జీపు మీద బతికే కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు. తోటలో కోసిన కాయలు బజారుకు చేరాలన్నా, రాత్రివేళ రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్నా నమ్ముకొన్నది ఆ బండినే. అందుకే నల్లబడ్డ ప్లగ్గును యజమాని చేతిలో పెట్టి, "ప్లగ్గు మార్చాను గాని అసలు లోపం రింగుల్లో ఉందండీ" అని చెప్పే మెకానిక్కు ఆ రోజు తన రాబడి కోసం కాక అవతలివాడి మేలు కోసం మాట్లాడుతున్నాడు. అటువంటి మాట చెప్పడానికి విద్యతో పాటు నిజాయితీ కూడా కావాలి.

నేటి కొత్త కార్లలో ఈ పొడవాటి తీగలు దాదాపుగా లేవు. ప్రతి ప్లగ్గు మీద దాని కాయిల్ దానికే ఉంటుంది. లోపాన్ని కంప్యూటరు సంకేతం రూపంలో చూపుతుంది. అయినా ఆ సంకేతం ఏ సిలిండరులో రవ్వ తప్పుతున్నదో చెబుతుందే గాని ఎందుకు తప్పుతున్నదో ప్రతిసారీ చెప్పలేదు. ఆ 'ఎందుకు' అనే ప్రశ్న మనిషికే మిగిలింది. కొత్త భాగాన్ని బిగించడం మరమ్మతులో సగమే. పాత భాగం చెప్పే మాటను ఓపికగా వినడం మిగిలిన సగం.

అర్థాలు

ఆవశ్యకత = అవసరం
ఉపేక్ష = పట్టించుకోకపోవడం
దహనం = మండడం
రుణధ్రువం = బ్యాటరీలో మైనస్ గుర్తు గల కొన
చప్టా = వాగు మీద నీరు పారేలా కట్టిన తక్కువ ఎత్తు దారి

అభ్యాసం

1. డీజిలు ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఎందుకు ఉండదు?
2. ప్లగ్గు కొన రంగును బట్టి ఇంజను స్థితిని ఎలా తెలుసుకోవచ్చో వివరించండి.
3. 3, 4 సిలిండరుల తీగలను ఎడంగా అమర్చడానికి కారణమేమిటి?
4. "జబ్బు రింగులలో ఉంటే మందు ప్లగ్గుకు వేసినట్లయింది." ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
5. మీ ఊరిలోని ఒక చేతివృత్తి నిపుణుడు లోపాన్ని గుర్తించే పద్ధతిని గమనించి ఒక పుటలో రాయండి.