కంప్యూటరు ధ్వనిని ఊరంతటికి వినిపించు విధము

మన సంఘ కార్యాలయములు పెక్కింట నేడు కంప్యూటర్లు గలవు. ధాన్యము కొనుగోలు తేదీలను, తుపాను హెచ్చరికలను వానినుండి ఊరివారికి వినిపింపవచ్చును. హెచ్చరిక చివరి వాడకు వినబడకున్న కలుగు నష్టము రైతు లెఱుగనిది గాదు. కాని కంప్యూటరును నేరుగ బాకాకు తగిలించినచో ప్రయోజనము లేదు. కారణమును తెలిసికొందము.

హెడ్‌ఫోను రంధ్రమునుండి వచ్చునది సుమారు 1 వోల్టు మాత్రమే. 8 ఓముల బాకా 10 వాట్లతో మ్రోగవలెనన్న సుమారు 9 వోల్టులు, 1.1 ఆంపియర్లు కావలయును. ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టులను పెంచిన చాలదా యని కొందరడుగుదురు. చాలదు. వోల్టు నీటి ఎత్తు వంటిది. ఆంపియరు పారుదల వంటిది. ట్రాన్స్‌ఫార్మరు ఎత్తును పెంచినకొలది పారుదలను తగ్గించును, శక్తి పెరుగదు. కరెంటునుండి గాని బ్యాటరీనుండి గాని క్రొత్త శక్తిని చేర్చునది యాంప్లిఫయరు. కావున అది యుండి తీరవలెను.

ఇక కూర్చు విధము:

1. కంప్యూటరు తీగను యాంప్లిఫయరు యొక్క ఆక్స్ లేక లైను రంధ్రమునకే తగిలింపవలెను. మైకు రంధ్రము కొన్ని మిల్లీవోల్టుల కేర్పడినది. అందు 1 వోల్టు నిచ్చిన మాట బొంగురుపోయి అర్థముగాదు.

2. కుడి యెడమ ధ్వని తీగలను నేరుగ ముడివేయరాదు. ఒక్కొక్కదానికి 1000 ఓముల రెసిస్టరు చేర్చి, పిమ్మట కలుపవలెను.

3. బాకాలు దూరమున నున్నచో 100 వోల్టుల లైను మేలు. 100 వాట్లను 8 ఓముల బాకాలకు పంప సుమారు 3.5 ఆంపియర్లు పారును; 100 వోల్టుల లైనుపై 1 ఆంపియరే చాలును. తీగలోని నష్టము ఆంపియర్ల వర్గమును బట్టి యుండును గాన, అదే తీగలో నష్టము పండ్రెండవ వంతునకు దిగును. ప్రతి బాకాకును లైను ట్రాన్స్‌ఫార్మరు కావలయును. బాకాల వాట్ల మొత్తము యాంప్లిఫయరు వాట్లను మించరాదు. 100 వాట్ల దానికి 15 వాట్ల బాకాలు 5 తగిలించుట క్షేమము.

4. ల్యాప్‌టాప్ చార్జరును ఊడదీయగానే గుంయిమను మ్రోత ఆగినచో, దోషము ఎర్తు తీగల చుట్టులో నున్నదని తలపవలెను. కంప్యూటరునకు యాంప్లిఫయరునకు నడుమ ధ్వనికై చేసిన ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు నుంచిన మానును. మ్రోత పోవుటకై ఎర్తు తీగను త్రెంచుట ప్రాణాపాయకరము.

100 వోల్టుల లైను షాకు కొట్టును. యాంప్లిఫయరును ఆపిన పిదపనే తీగలను ముట్టవలెను. యంత్రము సంఘపు ఉమ్మడి సొమ్ము. కావున తెలిసిన యొక సభ్యునికే దాని భారమప్పగించి, వానకాలమునకు ముందే ప్రతి వాడలోను విని పరీక్షించుట యుక్తమని మేము తలంచుచున్నాము.