ఉద్యోగం ఎమ్మెల్యే జేబులో ఉంటుందా?

"వదినా, మా వాడికి ఉద్యోగం వేయిస్తానని ఒకాయన వచ్చాడు. ఎమ్మెల్యే గారు బాగా తెలుసట. యాభై వేలు అడుగుతున్నాడు. గొలుసు కుదువ పెట్టనా?"

"ఆగమ్మా! ఉద్యోగం ఎవరి జేబులోనూ ఉండదు. 2025లో డీఎస్సీ పరీక్ష పెట్టారు. 16,347 టీచరు పోస్టులు. పరీక్ష రాసిన వాళ్ళకే వచ్చాయి."

"మరి ఎమ్మెల్యే ఎందుకు?"

మంచి ప్రశ్న. మన కొల్లిపర మండలం తెనాలి నియోజకవర్గంలో ఉంది. 2024లో ఇక్కడ నాదెండ్ల మనోహర్ గెలిచారు. ఎమ్మెల్యే శాసనసభలో మన మాట చెప్పాలి. చట్టాలు చేయాలి. పిల్లలకు కాలేజీ, పని నేర్పే ఐటీఐ కావాలని ప్రభుత్వాన్ని అడగాలి. వీధి దీపం మాత్రం పంచాయతీ పని. దొంగను పట్టడం పోలీసు పని. ఆ పని జరగకపోతే ఎమ్మెల్యేకు అర్జీ ఇవ్వవచ్చు.

అర్జీతో ఏమవుతుంది అంటారా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వాళ్ళూ మనలాగే రాత్రి బడిలో అక్షరాలు దిద్దినవాళ్ళు! ఊరూరా ఆడవాళ్ళు కదిలారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా ఆపింది. 1995లో శాసనసభ మద్యనిషేధ చట్టం చేసింది. 1997లో దాన్ని సడలించారు, అది వేరే బాధ.

అర్జీలో ఊరి పేరు, తేదీ, కష్టం రాయండి. అందరూ సంతకాలు పెట్టండి. ఒక నకలు దాచుకోండి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.

"వదినా, ఆ మనిషి మళ్ళీ వస్తే?"

"పైసా ఇవ్వకు. 112కు ఫోను చెయ్యి."

రాయండి: మీ వీధిలో దీపం వెలగడం లేదు. పంచాయతీకి అర్జీ రాయండి.