కళ్ళ పరీక్షను ఇండియా ప్రయాణం దాకా ఆపకండి

బ్రిటన్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది కళ్ళ సంగతి ఇండియా ప్రయాణానికి అట్టిపెట్టుకుంటారు. "డిసెంబర్‌లో ఊరెళ్తాం కదా, అప్పుడు చూపించుకుందాం" అంటారు. తీరా వెళ్ళాక పెళ్ళిళ్ళు, చుట్టాల ఇళ్ళు, బ్యాంకు పనులతోనే సెలవు అయిపోతుంది. పాత పవర్‌తోనే కొత్త ఫ్రేము చేయించుకుని విమానం ఎక్కేస్తారు. కళ్ళజోడు అక్కడ చేయించుకోవడంలో తప్పు లేదు, డబ్బు బాగా కలిసొస్తుంది. పరీక్ష మాత్రం ఇక్కడే, వేళకు చేయించుకోండి. అది పవర్ తేల్చడానికి మాత్రమే చేసే పరీక్ష కాదు.

నీటికాసుల జబ్బునే తీసుకోండి. డాక్టర్లు గ్లాకోమా అనేది దీన్నే. చాలామందిలో నొప్పి, ఎరుపు ఏమీ ఉండవు. కంటి నరం నెమ్మదిగా దెబ్బతింటూ ముందు పక్కచూపు తగ్గుతుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు చక్కగానే కనిపిస్తాయి, ఒక కంటి లోటును రెండో కన్ను కప్పేస్తుంది. అందుకే మనిషికి తెలియదు. పోయిన చూపును ఏ ఆపరేషనూ వెనక్కి తేలేదు. ముందుగా కనిపెడితే చుక్కల మందుతోనో, లేజర్‌తోనో మిగిలినదాన్ని కాపాడుకోవచ్చు. అమ్మానాన్నల్లోగానీ తోబుట్టువుల్లోగానీ ఎవరికైనా ఇది ఉంటే మీకూ వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాంటివారికి 40 ఏళ్ళు నిండితే ఇంగ్లండ్‌లో పరీక్ష ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుతోనే జరుగుతుంది. కాబట్టి ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి: "నాన్నా, కంట్లో వేసుకునే ఆ చుక్కలు దేనికి?" మన పెద్దవాళ్ళు "ఏదో మందులే" అని తేల్చేస్తారు. సీసా ఫోటో పంపమనండి.

ఇక్కడ ఈ పరీక్షకు పెద్దాసుపత్రికి పోనక్కర్లేదు, జీపీ చీటీ కూడా అక్కర్లేదు. బజారు వీధిలో ఉండే ఆప్టిషియన్ దుకాణంలో అపాయింట్‌మెంట్ తీసుకుంటే చాలు. అద్దాలమ్మే కొట్టే కదా అని తేలిగ్గా చూడకండి. లోపల పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టు జనరల్ ఆప్టికల్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. కంటి వెనక రెటీనా, నరం ఎలా ఉన్నాయో కూడా చూస్తారు. అనుమానం వస్తే ఆసుపత్రికి రాసి పంపుతారు. మామూలుగా రెండేళ్ళకోసారి రమ్మంటారు, అవసరమైతే ఇంకా ముందే. కంటి వెనక పొరలను చూపించే ఓసీటీ స్కాన్ కావాలా అని అడిగి, దానికి విడిగా డబ్బు తీసుకునే దుకాణాలు చాలా ఉన్నాయి. నలభై దాటినవారు, మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవారు ఆ డబ్బు పెట్టడం మంచిదే. ఏ ఇబ్బందీ లేని పాతికేళ్ళ కుర్రాడికి అంత అవసరం లేదని నా అభిప్రాయం.

పరీక్ష అయిన వెంటనే పవర్ రాసిన కాగితం మీ చేతికివ్వాలని ఇక్కడి చట్టం. కళ్ళజోడు అక్కడే కొనాలన్న నియమం లేదు, మొహమాటపడకుండా కాగితం తీసుకుని వచ్చేయండి. ఇండియాలో చేయించుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: రెండు కనుపాపల మధ్య దూరం, పీడీ అంటారు, ఆ కాగితంలో ఉండకపోవచ్చు, అక్కడ కొలిపించుకోండి.

ఇక ఖర్చు. వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జి కట్టాం కాబట్టి అన్నీ ఉచితమనుకుంటాం. ఇంగ్లండ్‌లో కళ్ళ పరీక్షకు అది వర్తించదు. పదహారేళ్ళలోపు పిల్లలకు, పూర్తికాలం చదువుకునే 16 నుంచి 18 ఏళ్ళవారికి, అరవై నిండినవారికి, షుగర్ ఉన్నవారికి ఉచితం. మాస్టర్స్ చేయడానికి వచ్చిన మన విద్యార్థులు మాత్రం చాలావరకు సొంత డబ్బే పెట్టుకోవాలి. స్కాట్లండ్‌లో స్థిరపడితే ఆ బాధ లేదు, 2006 నుంచి అక్కడ నివసించేవారందరికీ ఉచితమే. ఐటీ ఉద్యోగులకు ఇంకో దారి ఉంది. రోజూ కంప్యూటర్ ముందు పనిచేసేవారు అడిగితే పరీక్ష ఖర్చు కంపెనీయే భరించాలని 1992 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అడగనిదే ఇవ్వరు, హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి.

పిల్లల విషయంలో నాకు ఆందోళన ఎక్కువ. ఒక కన్ను బలహీనంగా ఉన్న పిల్ల ఎప్పుడూ ఫిర్యాదు చేయదు, లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటుంది. ఈ లేజీ ఐని ఏడేళ్ళలోపు పట్టుకుంటే అద్దాలతో, మంచి కంటికి కట్టే ప్యాచ్‌తో చాలావరకు సరిచేయొచ్చు. ఆ తర్వాత కష్టమవుతుంది. నాలుగైదేళ్ళప్పుడు బడిలో కళ్ళు చూస్తారుగానీ అన్ని ప్రాంతాల్లోనూ కాదు. మీరే తీసుకెళ్ళండి. అక్షరాలు రాకపోయినా బొమ్మలు చూపించి పరీక్షిస్తారు. అద్దాలు పడితే పదహారేళ్ళలోపు పిల్లలకు ఎన్‌హెచ్‌ఎస్ వోచర్ ఉంటుంది. చలికాలమైనా సరే, వెలుతురున్న కాసేపు బయట ఆడనివ్వండి. ఆరుబయట గడిపే పిల్లలకు మైనస్ పవర్ వచ్చే అవకాశం తక్కువ.

షుగర్ ఉన్నవారు రాగానే జీపీ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. రెటీనా ఫోటోలు తీసే స్క్రీనింగ్‌కు పిలుపు ఆ వివరాల ఆధారంగానే వస్తుంది. అది వేరు, ఆప్టిషియన్ పరీక్ష వేరు, రెండూ కావాలి. స్క్రీనింగ్‌లో కంట్లో మందు వేస్తారు కాబట్టి ఆరోజు కారు నడపకూడదు.

కంట్లో ఉన్నట్టుండి మెరుపులు, ఎక్కువగా నల్లచుక్కలు, ఓ పక్క నుంచి తెర దిగినట్టు నీడ కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. రెటీనా ఊడుతున్న సూచన కావచ్చు. ఆరోజే ఎన్‌హెచ్‌ఎస్ 111 నంబరుకు ఫోన్ చేయండి.

అమ్మానాన్నలను పిలిపించుకునేవారికి ఒక మాట. సందర్శక వీసా మీద వచ్చినవారి ఆసుపత్రి చికిత్సకు ఎన్‌హెచ్‌ఎస్ మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తుంది. ముందునుంచీ ఉన్న జబ్బులను ప్రయాణ బీమా చాలావరకు భరించదు. కాబట్టి టికెట్ కొనకముందే ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనో, దగ్గర్లోని మరో మంచి చోటో కనుపాపలు పెద్దవిచేసి చూసే పూర్తి పరీక్ష చేయించండి. శుక్లం ఆపరేషన్ అవసరమైతే అక్కడే ముగించి రావడం మేలు. నీటికాసులున్నవారు డాక్టరు రాసిన చీటీతో పాటు, ఉండబోయే నెలలన్నిటికీ సరిపడా చుక్కల మందు తెచ్చుకోవాలి. చాలా రకాల సీసాలు తెరిచాక నాలుగు వారాలే పనికొస్తాయి, లెక్క ఆ ప్రకారం వేసుకోమనండి.