ఏంటెన్నా స్తంభమునకు భూమితోడి సంబంధము

విద్యార్థులారా, రేడియోస్తంభమును జూచినపుడు మన దృష్టి సహజముగా దాని కొనకే పోవును. కాని వార్తను దూరదేశములకు బంపుపనిలో సగమును, ఇంటివారి ప్రాణములను గాపాడుపనిలో పెక్కుభాగమును దాని మొదట, కంటికి గానరాని మట్టిలోనే జరుగుచున్నవి. లాభముగోరక వేడుకకును లోకోపకారమునకును రేడియో నడుపువారిని హాములందురు. 2004 డిసెంబరులో సునామీ అండమానుదీవులను ముంచినపుడు పోర్టుబ్లెయిరునందున్న హాములు అచ్చటి వార్తలను భారతదేశపు ప్రధానభూభాగమునకు జేర్చిరి. ఆపదలో నక్కరకు రావలసిన యట్టి కేంద్రము ఒక్క పిడుగునకే పాడగుట తగదు. కావున ఏంటెన్నాకు భూసంబంధ మేర్పరచు విధమును వివరింపబూనితిమి.

భూసంబంధము రెండువిధములు. ఒకటి రేడియోప్రవాహమునకు, రెండవది పిడుగునకు. ఈ రెంటి భేదమును గుర్తెఱుంగుటయే ఈ పాఠమునకు మూలము.

రేడియో ప్రవాహము: 1895లో మార్కోనీ ఇటలీలో దన యంత్రమున కొకకొనను ఎత్తుననుంచి, రెండవకొనను భూమితో గలిపినపుడు వార్త పోవు దూరము మిక్కిలి పెరిగెను. కారణ మేమనగా, తరంగదైర్ఘ్యములో నాలుగవవంతు పొడవుగల నిలువు ఏంటెన్నా నిజమునకు సగము ఏంటెన్నాయే. చెఱువుగట్టున నున్న తాటిచెట్టునకు నీటిలో నీడ యేర్పడునట్లు, తక్కినసగమును భూమి సమకూర్చును. చుట్టుపట్ల నేలపై వ్యాపించిన ప్రవాహము స్తంభపు మొదటికి మరలివచ్చును. మట్టి మంచివాహకము గాదు గనుక త్రోవలో గొంతశక్తి వేడియై నశించును. ఒక్క కడ్డీని పాతినంతమాత్రమున ఈ నష్టము తీరదు. ప్రవాహము వచ్చునది అన్నిదిక్కులనుండి గదా! అందుచే బండిచక్రమునకు ఆకులవలె స్తంభపు మొదటినుండి నలుదెసల రాగితీగెలను బఱతురు. వీనినే రేడియల్ తీగెలందురు.

లెక్కచే దీనిని గ్రహింపవచ్చును. ఇట్టి ఏంటెన్నాకు వికిరణనిరోధము సుమారు 36 ఓములు. నేలనష్టపు నిరోధమును 36 ఓములే యైనచో, 100 వాటులలో 50 వాటులు మట్టిని వేడిచేయుటకే వ్యయమగును. ఆ నష్టమును 4 ఓములకు దగ్గించినచో 90 వాటులు ఆకాశమున కెక్కును.

1937లో అమెరికాయందు బ్రౌను, లూయీసు, ఎప్‌స్టెయిను అను మువ్వురు ఇంజనీర్లు రెండుతీగెలు మొదలు 113 తీగెలవఱకు బఱచి పరీక్షించి, ఫలితములను బ్రకటించిరి. తీగెల సంఖ్య కొలదిగా నున్నచో వానిని మిక్కిలి పొడిగించుటవలన లాభము స్వల్పమని వారు కనుగొనిరి. కావున రాగి కొంచెమే యున్నవారు పొడవుతీగెలు నాలుగు వేయుటకంటె పొట్టితీగెలు పదియాఱు వేయుట మేలు. 7 మెగాహెర్ట్జులకు తరంగదైర్ఘ్యము, 300ని 7చే భాగింపగా, సుమారు 43 మీటర్లు. అందు నాలుగవవంతు 10.7 మీటర్లు. నేలపై బఱచు తీగెలు ఈ కొలతకు సరిగానుండ నక్కఱలేదు.

పిడుగు: పిడుగుపాటున బ్రవాహము సాధారణముగా 30,000 ఆంపియర్ల వఱకు నుండును. భూసంబంధపు నిరోధము 10 ఓములైనచో, ఓము నియమముచొప్పున స్తంభపు మొదట 3,00,000 వోల్టు లేర్పడును. స్తంభమున కొక కడ్డీయు, ఇంటికి వేఱొక కడ్డీయు విడివిడిగా నున్నచో ఈ వోల్టుల భేదము కేబులుత్రోవను గదిలోనికే వచ్చును. కావున స్తంభపు కడ్డీలు, రేడియల్ తీగెలు, కేబులు పైతొడుగు, ఇంటి యెర్తు, ఇవన్నియు నొక్కటిగా గలుపబడవలయును. స్తంభమే ఏంటెన్నాయై పింగాణీపై నిలిచియున్నచో, నేలతో దిన్నగా గలుపరాదు గనుక, రెండు లోహపుగుండ్లనడుమ సన్నని సందునుంచి పిడుగునకు ద్రోవ చూపుదురు.

కడ్డీ యెనిమిదడుగులుండుట వాడుక. కడ్డీకిని కడ్డీకిని నడుమ దాని పొడవునకు రెట్టింపు ఎడముండిన మంచిది. తీగెను మూలమట్టముగా వంచరాదు. మలుపు మెల్లగా దిరుగవలయును. కూడళ్లను సీసపుటతుకుతో మాత్రమే కలిపినచో పిడుగువేడికి గరగిపోవును. గట్టి బిగింపులు వలయును. రాగిని జింకుపూతగల యినుముపై నేరుగా బిగించినచో తేమలో జింకు తినబడును. నడుమ తుప్పుపట్టని ఉక్కు నుంచవలెను. మన యిండ్లలో బొగ్గును ఉప్పును వేసిన యెర్తుగుంటలు గలవు. ఉప్పు నిరోధమును దగ్గించునుగాని లోహమును దినును. కావున ఏటేట వేసవి చివర, వానలకు ముందు, వానిని బరీక్షింపవలయును.

తల్లిదండ్రులకొక మనవి. ఎంతచక్కని భూసంబంధమున్నను ఉఱుముచున్నవేళ యంత్రమును దాకుట క్షేమముగాదు. మబ్బు గ్రమ్మకముందే కేబులును విప్పి యింటివెలుపల నుంచవలయును. ఉఱుము వినబడినపిమ్మట దానిదరికే పోరాదు. బాలురు స్తంభమును నిలుపగోరినపుడు ఎత్తునుగూర్చి మొదట నడుగుట సహజమే. దాని కడ్డీలెన్ని, ఎచ్చట గలిసినవి యని పెద్దలు ముందుగా నడుగుదురుగాక.